పాషా షెడ్డులో తెగిన ఈల

చెప్పు. నిన్న రాత్రి ఖిలా మట్టికోట మలుపు దగ్గర నువ్వు ఏం చూశావు?

"ఏం లేదు" అనకు. ఏమీ లేకపోతే బండిని అంత జోరుగా ఎందుకు ఉరికించావు? మల్లక్క హోటల్ ముందు దిగి, నీళ్ళు తాగబోయి సగం చొక్కా మీద ఎందుకు పోసుకున్నావు? ఎదురుగా నేనే కూర్చున్నాను. నా కళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి.

సరే... నోరు పెగలకపోతే ముందు నేను చెప్తాను. విన్నాక నువ్వు చెప్పాలి. పొద్దుపోక అడగడం లేదు.

ఆ మలుపులో రేకుల షెడ్డు ఉంది కదా — గౌస్ పాషా షెడ్డు. చీకటి పడితే దాని ముందు నుంచి ఎవరూ పోరు. ఆటోవాళ్ళు చుట్టు తిరిగి పోతారు. లోపల నుంచి ఈల వస్తుందని. మనిషి వేసే ఈల కాదు. సూది బెజ్జంలో గాలి దూరినట్టు సన్నగా మొదలవుతుంది... మధ్యలో తెగిపోతుంది. ఎవరో గొంతు పట్టుకున్నట్టు.

గౌస్ పాషా డ్రాగ్ రేసు బండ్లకు ఇంజిన్లు కట్టేవాడు. డ్రాగ్ రేసు అంటే మలుపులు ఉండవు. సూటి తొవ్వ. ఇద్దరు పక్కపక్కన నిలబడతారు, పచ్చలైటు పడగానే వదులుతారు. నువ్వు ఒక గుక్క చాయ్ మింగేలోపు అయిపోతుంది. ఆ ఒక్క గుక్క కోసం పాషా నెలల తరబడి ఇంజిన్‌ను అరగదీసేవాడు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. కార్బొరేటర్‌లో జెట్టు అని ఒక ఇత్తడి ముక్క ఉంటుంది, చిటికెన వేలి గోరంత. దాని సన్న రంధ్రంలో నుంచే ఇంజిన్‌కు పెట్రోలు పోతుంది. పాషా దాన్ని పెదవుల మధ్య పెట్టుకుని ఊదేవాడు. రంధ్రం సాఫ్‌గా ఉంటే సన్నటి ఈల వస్తుంది. నలక ఉంటే తెగిపోతుంది. పెట్రోలు తక్కువ పోతే ఇంజిన్ లోపల వేడి పెరిగి పిస్టన్ కాలుతుంది. అందుకే ఊదకుండా ఏ జెట్టూ బిగించేవాడు కాదు.

ఒకరోజు షెడ్డులో, పనికి కూర్చునే స్టూలు మీదే, బల్ల మీద తల వాల్చి పోయాడు. గుండె ఆగింది. వేళ్ళ మధ్య జెట్టు అట్లాగే ఉంది.

ఆ జెట్టును ఆయన చేతిలో నుంచి తీసింది నాసిర్. పాషా చెల్లెలి కొడుకు, ఆయన ఇంజిన్ల మీద రేసులకు పోయే పిల్లవాడు. మామూ ఆఖరిసారి ముట్టుకున్న వస్తువని కళ్ళకద్దుకుని, అట్లాగే తన బండికి బిగించుకున్నాడు. రేసుకు పోయాడు.

సగం దూరంలో పిస్టన్ కాలింది.

పిస్టన్ నెత్తికి రంధ్రం పడింది. కరిగిన మైనంలా అంచులు కిందికి జారాయి. ఇంజిన్ పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుంది, పిల్లవాడు తొవ్వ మీద దొర్లాడు. భుజం ఎముక విరిగింది. మెడ విరగకపోవడం వాళ్ళ అమ్మ చేసుకున్న పుణ్యం.

ఆ ఇంజిన్‌ను మళ్ళీ కట్టే పని రమాకాంత్ మీద పడింది.

రమాకాంత్‌ది కాశిబుగ్గలో మెకానిక్ దుకాణం. పాషా, ఇతనూ ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నారు. ఒకే పానా పట్టారు, ఒకే తిట్లు తిన్నారు. కానీ ఉస్తాద్ గట్టి పని వస్తే "పాషాను పిలువుండ్రి" అనేవాడు. ఆ మాట రమాకాంత్ చెవిలో పురుగులా దూరింది. జుట్టు నెరిసినా బయటికి రాలేదు. పాషా జనాజాకు ఇతను వచ్చాడు, నేల చూస్తూ నిలబడ్డాడు. ఇక పోలిక ఉండదని లోపల ఊపిరి పీల్చుకున్నాడట. ఆ మాట అతనే నాకు చెప్పాడు. నేను కొట్టబోయి చెయ్యి దించుకున్నాను.

భుజం అతికి కట్టు విప్పాక నాసిర్ వచ్చి అడిగాడు. "అన్నా, మామూ లేడు. ఇగ నువ్వే చేయాలె. కానీ మామూ షెడ్డులనే, మామూ సామాన్లతోనే."

"నా దుకాణం ఏం చేసింది?" అన్నాడు రమాకాంత్.

"గట్ల కాదే అన్నా... ఇంజిన్‌కు ఆ జాగ అలవాటు."

"ఇంజిన్‌కు జాగ అలవాటు ఏందిరా? అదేమన్న బర్రెనా?"

అన్నాడు కానీ ఒప్పుకున్నాడు. ఎందుకంటే ఈ ఇంజిన్ గెలిస్తే అది రమాకాంత్ ఇంజిన్ అవుతుంది. ఆ ఆశ.

పగలు దుకాణం, పొద్దుగూకినాక షెడ్డు. సిలిండర్ ఊడదీశాడు. లోపల గాలి దార్లను పాషా చేత్తో అరగదీసి నున్నగా చేసి పెట్టాడు. రమాకాంత్ వేలు పెట్టి తడిమాడు. ఒక్క గరుకు దొరికితే చాలు, ఒక్క గీత... దొరకలేదు. ఆ రాత్రి ఇంటికి పోయి అన్నం ముట్టలేదు.

పిస్టన్ కాలడానికి కారణం వెతకాలి కదా? వెతకలేదు. కారణం ముందే ఖాయం చేసుకున్నాడు — ఇంజిన్‌లో నిప్పు పడే టైమింగ్ పాషా తప్పు పెట్టాడు, అంతే. పాషాది తప్పు కావాలి. ఇంకేదీ అతనికి అక్కర్లేదు.

కార్బొరేటర్ వేరుగా గోడ అర మీద ఉంది, పాషా చేతులు తుడుచుకునే దస్తీలో చుట్టి. చెయ్యి పెట్టబోతే నాసిర్ ఆపాడు. "అన్నా, అది మాత్రం ముట్టకు. మామూ సెట్టింగ్."

రమాకాంత్ ముఖం మాడిపోయింది. "ముట్ట. మీ మామూ దస్తీ కూడ ముట్ట. తీస్కపోయి దర్గల పెట్టుకో."

పంతానికి నిజంగానే ముట్టలేదు.

సిలిండర్ బోరింగ్ చేయించాడు. కొత్త పిస్టన్ వచ్చింది. రింగులు వేసి సందు కొలిచాడు, నచ్చక మళ్ళీ కొలిచాడు. పని మాత్రం దొంగతనం లేకుండా చేశాడు, ఆ మాట అనాలి.

అప్పుడే మొదలైంది.

ఒక రాత్రి షట్టర్ వేసి తొవ్వ మీదికి వచ్చాడు. వెనక నుంచి... గుర్ర్... గుర్ర్... ఎవరో ఇంజిన్‌ను మెల్లగా తిప్పుతున్నట్టు. ఆగింది. ఆ వెంటనే ఈల. సన్నగా లేచి... తెగింది.

బండి స్టార్ట్ చేయడం కూడా మరిచిపోయి తోసుకుంటూ మల్లక్క హోటల్ దాకా ఉరికాడు.

"ఏందే రమాకాంతూ, పెట్రోల్ అయిపోయిందా?" అంది మల్లక్క.

"పాషా..." అన్నాడు. "పాషా వచ్చిండక్కా. నేను ఇంజిన్ కడుతాంటే ఓర్వలేక వచ్చిండు."

ఆ మాట అంటుంటే అతని ముఖం చూశాను. భయం ఉంది. భయం కింద సంతోషం ఉంది! ఇన్నేళ్ళు తను పాషాను చూసి కుళ్ళాడు. ఇప్పుడు చచ్చినవాడు తనను చూసి కుళ్ళుతున్నాడు. అంతకన్నా పెద్ద బహుమతి ఎవరిస్తారు?

"సచ్చినోనికి కూడ నా మీద కుళ్ళే!" అని నవ్వాడు.

మర్నాడు పారిపోలేదు. షట్టర్ వేసినట్టు చప్పుడు చేసి, గోడ పక్కన దాక్కున్నాడు. చేతిలో ఇనుప రాడ్డు.

వెనక తలుపు కిర్రుమంది... గుర్ర్... గుర్ర్... సందులో నుంచి చూశాడు. నల్లటి ఆకారం ఒకటి ఇంజిన్ మీదికి వంగి ఉంది. తల లేనట్టే ఉంది. చెయ్యి ఒక్కటే కదులుతోంది.

"ఎవర్రా!" అని రాడ్డు ఎత్తాడు.

"నేనే తమ్మీ... నెత్తి పగలగొడ్తవా ఏంది?"

సుల్తానా బేగం. పాషా భార్య. నల్ల బురఖాలో వంగి, ఇంజిన్ పక్కన చక్రాన్ని చేత్తో తిప్పుతోంది.

"మీ భాయ్ చెప్పిండు" అంది. "ఇంజిన్ ఉత్తగ పండితే లోపల తుప్పు పడ్తదట. రోజింత తిప్పుమన్నడు. నమాజ్ అయినంక వచ్చి తిప్పి పోతాన. నువ్వు పని పెట్టుకున్నంక కూడ ఆపబుద్ధి కాలే."

రమాకాంత్ కింద కూలబడి నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. దయ్యం లేదు, ఏమీ లేదు. కొంచెం దిగులు కూడా పడ్డాడట — అయితే పాషాకు తన మీద కుళ్ళు లేదన్నమాట.

"తిప్పుడు సరే భాభీ... గా ఈల ఎందుకు కొడ్తానవ్? పానం పోతాంది."

ఆమె అతని వైపు చూసింది. నోరు తెరిచి చూపించింది.

"ముంగట ఒక్క పన్నన్న ఉన్నదా తమ్మీ? ఈల ఎక్కడికెళ్ళి కొడ్తా?"

రమాకాంత్ ముఖం మీద నవ్వు ఇంకా ఉంది...

అర మీద నుంచి ఈల వచ్చింది. సన్నగా. తెగింది.

సుల్తానా బేగం ఉలిక్కిపడలేదు. "గది రోజూ వస్తది" అంది గుసగుసగా. "కొత్తల నేను కూడ భయపడ్డ. ఆయన పని అయిపోలేదేమో అనుకుంట."

అర మీద దస్తీ మూట తప్ప ఏమీ లేదు.

రమాకాంత్ లేచాడు. పంతం, పగ అన్నీ కాసేపు మరిచి దస్తీ విప్పాడు. కార్బొరేటర్ తెరిచి జెట్టు తీశాడు. బల్బుకు ఎదురుగా పట్టి చూశాడు. రంధ్రంలో వెలుతురు సగమే ఉంది. పెదవుల మధ్య పెట్టి ఊదాడు.

సన్నగా లేచి... తెగింది. అదే ఈల!

తుప్పు నలక. పాషా దాన్ని ఊది చూస్తూ పోయాడు. తీసే వ్యవధి దొరకలేదు. నాసిర్ ప్రేమతో దాన్ని అట్లాగే బిగించాడు. రమాకాంత్ కుళ్ళుతో దాన్ని అట్లాగే వదిలాడు. ఈ కొత్త పిస్టన్ కూడా సగం తొవ్వలో కాలి ఉండేది. ఈసారి పిల్లవాడి మెడ...

రాగి పోగుతో నలక తీశాడు. మళ్ళీ ఊదాడు. ఈల సాఫ్‌గా, పొడుగ్గా షెడ్డంతా తిరిగింది.

సుల్తానా బేగం కళ్ళు మూసుకుంది.

"అచ్చం ఆయన ఊదినట్టే ఉన్నది తమ్మీ" అంది.

పాపం, మంచి మాటే అంది. కానీ ఆ మాట ఎవరికి చెప్పిందో చూడు. నలక తీసింది ఇతను, ఊదింది ఇతని ఊపిరి — అయినా పాషా ఈలే! చచ్చి కూడా తప్పు ఎక్కడుందో తనకన్నా ముందే పట్టుకున్నాడు పాషా. ఆ రాత్రి రమాకాంత్ లోపల ఏం కాలిందో నాకు తెలుసు. ఆకలిని నేను చూశాను, వలసను చూశాను, నా తోడబుట్టిన అన్నలు చస్తుంటే చూశాను. వాటిలో ఏదీ మనిషిని ఇంత లోపల నుంచి తినదు.

ఈల మాత్రం ఆ రాత్రితో ఆగింది. ఇంజిన్ బండికి ఎక్కింది. స్టార్ట్ చేస్తే మట్టికోట మీద పిట్టలన్నీ లేచాయి. నాసిర్ ఉరికొచ్చి రమాకాంత్‌ను కౌగిలించుకున్నాడు. ఏమన్నాడో తెలుసా?

"మామూ ఇంజిన్ మళ్ళ లేచిందే అన్నా!"

ఇదంతా రమాకాంత్ నాకు ఇవాళ పొద్దున్నే చెప్పాడు. చెప్పి, అగ్గిపెట్టె కోసం జేబులో చెయ్యి పెట్టాడు. అగ్గిపెట్టెతో పాటు ఇంకోటి వచ్చి బల్ల మీద దొర్లింది. గోరంత ఇత్తడి ముక్క.

"ఇదేందిరా?" అన్నాను.

"పాషా జెట్టు."

"మరి బండిలో ఉన్నదేది?"

చాయ్ మీద మీగడ చూస్తూ కూర్చున్నాడు.

"రమాకాంతూ, నిన్నే అడుగుతాన."

"నాది" అన్నాడు. "పాషా దానికంటే ఒక నంబర్ తక్కువది, రంధ్రం సన్నగుంటది. పెట్రోల్ జర తక్కువ పోతది, బండి ఇంకా ఉరుకుతది. గెలిస్తే పాషా ఇంజిన్ అని ఎవడన్న అంటడా సూస్త."

"కాలితే?"

"కాలది."

"కాలితేరా?"

లేచి పోయాడు. జెట్టు తీసుకుపోయాడు.

నేను నాసిర్ దగ్గరికి ఉరికాను. ఏం లాభం? "రమాకాంతన్న నా పానం నిలబెట్టిండు పెద్దనాయనా, నువ్వు గిట్ల మాట్లాడకు" అన్నాడు. నవ్వి భుజం తట్టి పంపించాడు.

ఆ బండి ఇంకా షెడ్డులోనే ఉంది. సాయంత్రం వ్యాన్ ఎక్కిస్తారు, ఎల్లుండి రేసు. సుల్తానా బేగం నిన్న పొద్దున్నే జనగామలో చెల్లెలింటికి పోయింది. రమాకాంత్ నిన్న రాత్రంతా కాశిబుగ్గలో తన దుకాణంలోనే ఉన్నాడు, అడిగి తెలుసుకున్నాను. షెడ్డుకు తాళం.

ఆ తొవ్వన పోయింది నువ్వు ఒక్కడివే. నా మాట నాసిర్ నమ్మడు. తెగిన ఈల చెవులారా విన్నవాడు చెప్తే నమ్ముతాడు. లోపల దీపం చూశావో, స్టూలు మీద మనిషిని చూశావో... అది తర్వాత చెప్పు. ముందు నాకు ఒక్కటే కావాలి.

నువ్వు విన్న ఈల సాఫ్‌గా వచ్చిందా... మధ్యలో తెగిందా?