ఇరవై బోల్టులు

"పందొమ్మిది ఇంచుల వీల్స్ పెట్టను మేడమ్. గుంతల పడితే టైరు పైనున్న ఫెండర్ రేకుకు రాసుకుంటది," అన్నాడు మహీధర్.

నాంపల్లిలో తండ్రి నుంచి వచ్చిన టైర్ల షాపు అతనిది. ఎదురుగా నిలబడ్డ నాగవల్లి గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఆఫీసర్. ముచ్చటపడి కొనుక్కున్న ఎర్ర టర్బో కారుకు మంచి అల్లాయ్ వీల్స్ వేయించాలని వచ్చింది.

"మీకు అన్నిటికీ భయమేనా?"

"ఔ. టైర్ల పని చేసేటోనికి జర భయం ఉండాలె."

ఆమె నవ్వేసి పద్దెనిమిదికి ఒప్పుకుంది. ఆర్డర్ వచ్చిందేమోనని రోజూ బ్యాంకు అయ్యాక షాపుకొచ్చేది. వీల్స్ దిగి మూడు రోజులైనా మహీధర్ చెప్పలేదు. చెబితే రావడం మానేస్తుందని భయం.

చివరికి చెప్పాక, శనివారం మధ్యాహ్నం వానలో కారు లిఫ్ట్ ఎక్కింది. ఆమె పక్కనే నిలబడి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకంలో చివరి పేజీలే లేవని చెబుతోంది. అతను వింటూ బోల్టులు బిగించాడు. బిగువు సరిపోయిందని టార్క్ రెంచ్ ప్రతిసారీ టిక్కుమంది. ఇంటికెళ్లి తయారై, నాన్నను ఎక్కించుకుని సూర్యాపేటలో పెళ్లికి వెళ్లాలంటూ ఆమె కారు తీసింది.

గంటన్నర తర్వాత బల్ల సర్దుతుంటే సీలు విప్పని ప్యాకెట్ కనిపించింది. అందులో వీల్స్‌తో పాటు వచ్చిన ఇరవై కొత్త బోల్టులు.

అంటే మహీధర్ పాతవే బిగించి పంపాడు. ఆ కారు పాత బోల్టుల మెడ గుండ్రంగా ఉంటుంది. కొత్త వీల్స్ రంధ్రాలు ఏటవాలుగా ఉంటాయి. బిగించినప్పుడు సరిపోయినట్టే ఉంటుంది, నడుస్తుంటే వదులవుతుంది. వందకు పైన వేగంలో చక్రం ఊడితే...

ఫోన్ చేశాడు. ఎత్తలేదు. డ్రైవింగ్‌లో ఆమె ఫోన్ ముట్టదు. 'కారు ఆపండి' అని మెసేజ్ పెట్టాడు. చూడలేదు.

ప్యాకెట్, రెంచ్ సంచిలో వేసుకుని బైక్ తీశాడు. గౌలిగూడ, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్. సిగ్నల్ పడినప్పుడల్లా ఫోన్ చేశాడు. రింగవుతూనే ఉంది.

హయత్‌నగర్ దాటాక రోడ్డు పక్కన జనం మూగి ఉన్నారు. వాళ్ల కాళ్ల మధ్య నుంచి ఎర్రటి రేకు కనిపించింది. బైక్ ఆపాడు కానీ దిగలేకపోయాడు.

"ఏందన్నా?" అని అడిగాడు.

"ట్రాక్టర్ పల్టీ కొట్టింది. ఎవ్వరికేం కాలే."

మళ్లీ బయల్దేరాడు. మరో ఐదు కిలోమీటర్లకు, రోడ్డు వారగా ఎర్ర కారు, లైట్లు మినుకుమంటూ. నాగవల్లి ముందు చక్రం దగ్గర కూర్చుని ఉంది. తండ్రి బుచ్చిబాబు గొడుగు పట్టాడు.

"టకటకమని చప్పుడొచ్చింది. స్టీరింగ్ వణికింది. ఇప్పుడే ఆపాను," అంది. "మీకే ఫోన్ చేద్దామని తీస్తే, మీవే పదిహేడు కాల్స్."

మహీధర్ వంగి చూశాడు. రెండు బోల్టులు వేళ్లతోనే తిరిగాయి.

"తప్పు నాది. బోల్టులు మార్చలే."

"మార్చలేదా? ఎందుకని?" బుచ్చిబాబు గొంతు పెరిగింది.

మహీధర్ తల దించుకున్నాడు. "మీ అమ్మాయి మాట్లాడుతుండె సార్. వినుకుంట మర్చిపోయిన. ఆమె వచ్చినప్పుడల్లా నాకు గిట్లనే ఐతుంది. ఇయ్యాల ఆమెకేమన్న ఐతే నేను బతికేటోన్ని కాదు."

లారీ ఒకటి నీళ్లు చిమ్ముతూ పోయింది.

అతను కారు జాకీ వేసి ఒక్కో చక్రం తీశాడు. రంధ్రాలు దెబ్బతినలేదని వేలు పెట్టి తడిమి చూసుకుని, బోల్టులు మార్చాడు. మూడో చక్రానికి వచ్చేసరికి వీపు మీద వాన ఆగింది. తలెత్తితే బుచ్చిబాబు గొడుగు.

"నాకు కోపం తగ్గలేదబ్బాయ్."

"తగ్గొద్దు సార్."

పనయ్యాక మహీధర్ లేచాడు. "యాభై కిలోమీటర్లు పోయినంక మళ్లొకసారి బిగించాలె."

"అయితే మీరూ రండి," అంది నాగవల్లి. "ఒక్కదాన్నే నడపాలంటే భయంగా ఉంది."

"నాన్నగారున్నరు గదా."

"ఆయనకు టైర్ల సంగతేం తెలుసు?" ఆమె అతని కళ్లలోకి చూసింది. "నా మనసు సంగతి కూడా తెలియదు."

మహీధర్ బైక్‌ను దగ్గర్లోని పెట్రోల్ బంకులో పెట్టి వచ్చేసరికి బుచ్చిబాబు వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. ముందు సీటు ఖాళీ.

కారు అరవై దాటలేదు. ఇద్దరూ చక్రాల చప్పుడే వింటున్నారు.

"భయంగా ఉందా?" అందామె మెల్లగా.

"ఔ. బాగ."

"నాక్కూడా."

వెనక నుంచి బుచ్చిబాబు గొంతు సవరించుకున్నాడు. "ఇలా అయితే మనం వెళ్లేసరికి అక్కడ పెళ్లయిపోద్ది. కాస్త తొక్కమ్మా."