ఆదివారం ఫోను

ఆదివారం పొద్దున్నే మిషనమ్మ కుట్టుమిషను ముందు కూర్చుందంటే గిరాకీ కోసం కాదు, కూతురి ఫోను కోసమని వీధంతటికీ తెలుసు. ఇల్లు విడిచి మూడేళ్లయినా ఆ పిల్ల వారం వారం ఫోను చేస్తుంది, పెదవి మాత్రం విప్పదు. తిరిగి చేస్తే ఎత్తదు. తల్లి ఫోనును పక్కన పెట్టుకుని కుడుతూ పోతుంది. చిన్నప్పుడు ఆ చప్పుడు వింటే గాని పిల్లకు నిద్ర పట్టేది కాదు మరి. పలకరిస్తే పెట్టేస్తుందేమోనని ఈవిడా నోరు మెదపదు. కానీ ఒక్కసారి కళ్లారా చూడాలని ప్రాణం కొట్టుకుపోతోంది. అందుకే నిన్న, పోలీసు ఉద్యోగం చేసే కొడుకును బతిమాలింది.

"దొరికిందమ్మా!" అంటూ వచ్చాడు కొడుకు. "ఊరు, వీధి, ఇల్లు, అన్నీ తెలిశాయి. బయల్దేరు."

ఆమె చెప్పులు వేసుకోబోయి ఆగింది. "ఇంత తొందరగా ఎలారా?"

"కొత్త చట్టం వచ్చిందిగా. కోర్టును అడగక్కర్లేదు. అనుమానం ఉందంటే చాలు, ఎవరి ఫోను ఎక్కడుందో చూడొచ్చు."

"దాని మీద నీకేం అనుమానం?"

"ఏదో ఒకటి చెప్పాలిగా... దొంగతనం అని చెప్పా."

"నా కూతుర్ని దొంగను చేశావా!"

"వెతకమంది నువ్వేగా! బాంబులు పెట్టేవాళ్ల కోసం తెచ్చిన చట్టం మనకూ పనికొస్తే తప్పేంటి? నాకు మాత్రం చెల్లెల్ని చూడాలని ఉండదా?"

మిషనమ్మ కూలబడింది. "ఆ రోజు నువ్వు దాని ఫోను తెరిచి అన్నీ చదివావు. నేను పక్కన కూర్చుని విన్నాను. ఈ ఇంట్లో నాకంటూ ఏమీ మిగల్చరా అని ఏడుస్తూ వెళ్లింది. మళ్లీ అదే పని చేశాం. ముందు ఆ దొంగతనం మాట తీసేయించు. నాకా ఊరి పేరు చెప్పకు."

"తీసేయిస్తానమ్మా," అన్నాడు తల దించుకుని.

ఫోను మోగింది. ఎత్తి మిషను ముందు కూర్చుంది. తొక్కబోయి మానేసి, ఆమె మొదటిసారి నోరు తెరిచింది.

"తల్లీ, నువ్వెక్కడున్నావో అన్నయ్యకు తెలిసిపోయింది. బుద్ధి గడ్డి తిని నేనే అడిగాను. మేం అక్కడికి రాం. నీకు రావాలనిపిస్తేనే రా. ఇక ఫోను కూడా చెయ్యనంటే..." ఏడుపు ముంచుకొచ్చి మాట ఆగిపోయింది.

కూతురు ఫోను పెట్టేసిందనుకుంది.

"అమ్మా," అంది మూడేళ్లుగా వినని ఆ గొంతు. "మిషను ఆపావేం? కుట్టమ్మా, వింటాను."

కన్నీళ్లలో సూది కనిపించలేదు. అయినా ఆమె తొక్కుతూనే ఉంది.