అజుకి పిల్ల కరిచింది

బొటనవేలికి కట్టు, చేతిలో గుడ్డసంచి, ముఖం నిండా అలక. కొహెయ్ వాలకం చూసి చిహారుకి ముందు నవ్వొచ్చింది. సంచి కదిలేసరికి ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది.

"మీ కొండచిలువ పిల్ల నన్ను కరిచిందండీ," అన్నాడతను.

"కాస్త మెల్లిగా. నాన్న లోపలే ఉన్నారు."

"ఆయన వినాలనే చెబుతున్నా. ఈ వంశానికి కోపమే తెలీదని ఆయనే కదా నమ్మబలికి అమ్మారు."

నిజమే. తొయొహాషి ఊళ్లో త్సుకాదా గారి పాముల దుకాణంలో, కొనేవాళ్లు తల్లిపామును చేతుల్లోకి తీసుకుని చూడనిదే పిల్లను అమ్మరు. గుణం పుట్టుకతోనే వస్తుందని పెద్దాయన నమ్మకం. చీటికీమాటికీ బుసకొట్టేవాటిని పక్కనపెట్టి, నిదానమైనవాటినే జత కట్టిస్తూ వచ్చారు. పిల్ల కరిచిందంటే తల్లిని ఇక జత కట్టించరు, ఎవరికో ఇచ్చేస్తారు. ఈ పిల్ల తల్లి అజుకి. చిహారు బడికెళ్లే రోజుల నుంచీ ఆమె ఒళ్లోనే పెరిగింది.

త్సుకాదా గారు తెర తీసుకుని బయటికొచ్చారు. "ఎవరి పిల్ల?"

"అజుకిదే నాన్నా," అంది చిహారు.

పెద్దాయన అజుకి పెట్టెవైపు చూసి నిట్టూర్చారు. "ఇష్టమైన పామని మాట మార్చుకోలేను తల్లీ."

కొహెయ్ అలక వేలి దగ్గర మొదలై చిహారు ప్రాణం మీదికి వచ్చింది. ఆమె అతని వైపు తిరిగింది. "కరిచి వదిలేసిందా, పట్టుకుని చుట్టేసిందా?"

"చుట్టేసింది. అమ్మ వచ్చి కుళాయి కింద పెడితేగానీ వదల్లేదు."

"భయపడ్డ పాము కరిచి పారిపోతుందండీ. తినాలనుకున్నదే చుట్టేస్తుంది. ఏదీ, ఆ చెయ్యి ఇలా ఇవ్వండి."

అతను ఇచ్చాడు. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కొహెయ్ చెవులు ఎర్రబడ్డాయి. నొప్పి సంగతి పూర్తిగా మర్చిపోయాడు.

"ఏం పని చేస్తుంటారు?"

"అమ్మ కొట్లో కౌజుపిట్ట మాంసం పుల్లలకు గుచ్చి కాలుస్తానండి."

తండ్రీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఊరి చుట్టూ కౌజుపిట్టల ఫారాలే. దుకాణంలో పాములన్నీ ఆ పిట్టపిల్లల్ని తిని పెరిగినవే.

"వేళకి కౌజుపిట్ట వాసనతో భోజనం నడిచొస్తే అది మాత్రం ఏం చేస్తుంది, పాపం," అంది చిహారు. "వెళ్లి సబ్బుతో తోముకు రండి. గోళ్లు కూడా."

తోముకొచ్చాడు. సంచిలోంచి పిల్ల తల బయటపెట్టి, అరచేతిలోకి పాకి, నింపాదిగా చొక్కా చేతిలో దూరి అక్కడే బజ్జుంది. త్సుకాదా గారు కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"అజుకి మనింట్లోనే ఉంటుంది," అని లోపలికి వెళ్లిపోయారు.

చిహారు కళ్లు తుడుచుకుని అతని మీద విరుచుకుపడింది. "కొనేటప్పుడే చెప్పొద్దూ మీరు చేసే పనేంటో?"

"మీరు అడగలేదుగా."

"మిమ్మల్ని చూస్తూ అడగడం మర్చిపోయాను," అని నాలుక కరుచుకుంది.

ఇక అతను ఆగుతాడా? పాముకి ఆకలి లేదని ఒకసారి, ఆకలెక్కువైందని ఇంకోసారి, సెలవు దొరికితే చాలు వచ్చి వాలేవాడు. కుబుసం విడిచిందని చెప్పడానికి జడివానలో గొడుగు లేకుండా వచ్చిన రోజు, చిహారు తువ్వాలు విసిరేసి నాలుగు చీవాట్లు పెట్టింది.

"మీ కోపం ఎవరి పోలికండీ?" అన్నాడు తల తుడుచుకుంటూ.

"నాన్నది. భయమేస్తోందా?"

"లేదు. నచ్చింది. జీవితాంతం తిట్టించుకోవాలనుంది."

చిహారుకి ఆ క్షణాన ఒక్క తిట్టూ గుర్తు రాలేదు. సరేనని తలూపింది. తెర వెనక ఎవరో దగ్గారు.

"తల్లిని చూడకుండా ఈ దుకాణంలో ఏదీ ఖాయం కాదు బాబూ," అన్నారు త్సుకాదా గారు. "రేపు అమ్మగారిని తీసుకురా."

మర్నాడు ఆవిడ వచ్చింది. గుండ్రటి ముఖం, కాలిన మచ్చలతో చేతులు. వచ్చీరాగానే ఆ చేతులు రెండూ చిహారు ముందు చాపింది.

"రెండుసార్లు తోముకున్నానమ్మా. వాసన చూసుకో."

చిహారు వాసన చూడలేదు. ఆ చేతుల్ని పట్టుకుని వదలకుండా అలాగే నిలబడింది.