నాలుగు వరుసల ఖాళీ

కలం ఆగిపోయింది! ఇన్నేళ్ల కాపురంలో భర్త ప్రసంగాన్ని తిరగరాస్తుండగా ఆమె చెయ్యి ఇలా ఆగడం ఇదే మొదటిసారి. బయట కారు సిద్ధంగా ఉంది. గడ్డం గీసుకుంటూ ఆయన లోపలి నుంచి "అయిందా?" అని మూడోసారి కేకేశాడు.

ఆయన ప్రతిపక్ష నాయకుడు. పాత పద్ధతులంటే ప్రాణం. అధికారం మొహం చూడకుండానే తల నెరిసిపోయింది పాపం! ఆయన రాత ఆయనకే అర్థం కాదు. అందుకే మొదటి ఎన్నికల నాటి నుంచీ ప్రతి ప్రసంగాన్నీ ఆమే గుండ్రంగా తిరగరాసి ఇస్తుంది. ఆమె రాసింది రాసినట్టు సభలో చదివేయడం ఆయన అలవాటు.

ఇవాళ సభలో ఒక బిల్లు ఉంది. మంచాన పడ్డ పెద్దవాళ్లున్న ఇళ్లకు వారానికి రెండు రోజులు ప్రభుత్వమే ఆయాను పంపుతుందట. దాన్ని ఓడించి తీరాలని ఆయన పంతం. "ఇంటి గడప లోపల సర్కారుకేం పని?" అన్నదే ప్రసంగమంతా. అంతవరకూ ఆమె చకచకా రాసేసింది. ఆ తర్వాతే వచ్చాయి ఆ నాలుగు వరుసలు... "మా అమ్మ ఎనిమిదేళ్లుగా మంచంలో ఉంది. నా భార్య ఏనాడూ అది బరువనుకోలేదు. దానివల్ల తనకు ఏ లోటూ జరగలేదు..."

ఏ లోటూ జరగలేదా! కన్నతల్లి పోయిన రోజు, రైలెక్కితే మూడు గంటల దూరమే అయినా, అత్తగారిని వదిలి కదల్లేక వంటింట్లో తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చిందెవరు? అప్పుడాయన ప్రచారంలో ఉన్నాడు. తిరిగొచ్చాక "అయ్యో, వెళ్లి ఉండాల్సింది" అన్నాడు. అంతే! చెడ్డ మనిషి కాదు... ఈనాటికీ ఆమె పక్కన కూర్చోనిదే ముద్ద ఎత్తడు. అయినా ఆ మాటలు రాయడానికి చెయ్యి రాలేదు. ఆ చోటు ఖాళీగా వదిలేసి, మిగతాది పూర్తి చేసి, కాగితాలు ఆయన చేతిలో పెట్టింది.

పదకొండింటికి అత్తాకోడళ్లిద్దరూ టీవీ ముందున్నారు.

"మొదలెట్టాడు! ఇంకెవర్నీ మాట్లాడనివ్వడు చూడు" అని అత్తగారు మంచంలోంచే నవ్వింది.

ఆయన గంభీరంగా చదువుతున్నాడు. పేజీ తిప్పాడు... ఆగిపోయాడు. వెనక్కి తిప్పాడు. నీళ్లు తాగాడు. అవతలి పక్షం వాళ్లు బల్లలు చరుస్తూ నవ్వారు.

"అయ్యో, ఆయన పరువు తీశానత్తయ్యా!" అంటూ ఆమె మొహం కప్పుకుంది.

ఆయన కళ్లజోడు తీశాడు. "నా ప్రసంగాలన్నీ నా భార్యే తిరగరాస్తుంది. ఏనాడూ ఒక్క అక్షరం పోనివ్వలేదు. ఇవాళ నాలుగు వరుసలు ఖాళీగా వదిలింది. అక్కడ నేనేం రాశానో నాకు గుర్తుంది... అది అబద్ధం." సభ సద్దుమణిగింది. "గడప లోపలికి సర్కారు రాకూడదనే ఇప్పటికీ అంటాను. కానీ లోపల ఉన్న మనిషిని అడక్కుండా తలుపేసింది నేను. ఆ ఇల్లాలు పిలిస్తేనే ఆయా రావాలన్న మాట చేర్చండి. ఈ బిల్లుకు నేనూ చెయ్యెత్తుతాను."

"ఇన్నాళ్లకి నా కడుపున పుట్టాడనిపించుకున్నాడే అమ్మాయ్!" అంది అత్తగారు, కళ్లు తుడుచుకుంటూ.

ఇక ఫోను మోగుతూనే ఉంది. పార్టీవాళ్లు మండిపడుతున్నారు. సాయంత్రం ఆయన వచ్చి, కోటు కూడా విప్పకుండా తల్లి పక్కన కూర్చుని చెంచాతో పాలు పట్టబోయాడు.

"ఒరేయ్, నోరు ఇక్కడుందిరా! ముక్కులో పోస్తావేం?"

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మీ పదవి పోతే ఎలాగండీ?"

"పోతే పోనీ. మీ అక్కయ్య దగ్గరికి వెళ్లి నాలుగు రోజులుండి రా. అమ్మను నేను చూసుకుంటాను."

"నీ చేతుల్లో నాలుగు రోజులా? నా గతేం కాను!" అంది తల్లి.

ఆయన నవ్వి, జేబులోంచి ఆ కాగితం తీసి భార్య ముందు పెట్టాడు. "నా మాటలొద్దు. ఇక్కడేం ఉండాలో నువ్వే రాయి."

ఆమె కలం అందుకుంది. గుండ్రటి అక్షరాలతో ఒక్క వరుస రాసి, కాగితం ఆయనవైపు జరిపింది.

"మా అమ్మను కడసారి చూసుకోలేకపోయాను."

ఆమె రాసింది రాసినట్టు చదివేసే ఆ మనిషి, ఆ వరుసను పైకి చదవబోయాడు. రెండో మాట దగ్గరే ఆగిపోయి, భార్య చేయి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.