పరాయి దేశపు దిష్టి

గుంటూరు మిర్చి యార్డులో హమాలీలు టిక్కీ బస్తాల వరస లాగుతుంటే, వెనక గోడకి ఆనుకుని ఒక మనిషి కూర్చుని కనిపించాడు. నిద్రపోతున్నాడనుకుని, "లే బాబూ, లారీ వచ్చింది" అని భుజం తట్టారు. పక్కకి ఒరిగిపోయాడు. చెవి కింద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. ఇంకెక్కడా దెబ్బ లేదు.

ఆ చుక్క గురించి గూఢచారి సాల్మన్‌కి చెప్పింది చీఫ్ వీరాంజనేయులు. వాళ్ల ఏజెన్సీ ఆఫీసు ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీ లోపల ఉంది. బయట ఎండకి తారు కరుగుతుంటే, లోపల చీఫ్ మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చున్నాడు.

"పోయింది అస్లాం. మన ట్రాన్స్‌లేటర్. పాయిజన్ నీడిల్. కూర్చో."

"నుంచుంటానండి. ఆ ఇనప కుర్చీ మీద కూచుంటే రేపటిదాకా లేవలేం."

చీఫ్ నవ్వలేదు. "కార్జిస్తాన్ నించి మన పాటల గురవమ్మ ఫ్యాన్స్ టూర్ వచ్చింది. పద్నాలుగు మంది. వాళ్లలో ఒకరు రహస్య లిపి రాసే సైఫర్ ఎక్స్‌పర్ట్. మన తీరం రాడార్ల మెసేజీలు దొంగిలిస్తున్న ముఠాకి సైఫర్ కీ తయారుచేసింది ఆ మనిషే. ఇప్పుడు మన వైపు వస్తానంటున్నారు. కీ అంతా తలలోనే ఉంది. తల పోతే కీ పోయినట్టే."

"మొహం ఎట్లా ఉంటదండి?"

"అస్లాంకే తెలుసు. అందుకే చంపారు. అస్లాం నోరిప్పలేదు కాబట్టి ముఠాకి కూడా తెలియదు. నువ్వు గైడ్‌గా వెళ్లు. కోడ్ వర్డ్ గురవమ్మ పాట. ఆ మనిషి 'చేలగట్టున నిలుచున్నా' అంటే, నువ్వు 'చీకటైనా రావేమి' అనాలి. కానీ గురవమ్మ పాట చెవులారా విన్న తరవాతే బయటపడతానని షరతు."

సాల్మన్ పుట్టింది పర్చూరు పక్క పల్లెలో. గురవమ్మ సంగతి అతనికి తెలుసు. "ఆమె గొంతు పోయి నాలుగేళ్లయింది కదండీ. గడ్డకి ఆపరేషన్ చేస్తే మాటే పోయింది."

"తెలుసు."

"వాళ్లకి చెప్పారా?"

"చెబితే రారు కదయ్యా."

ఈ ఉద్యోగంలో అనకుండా మింగినవి సాల్మన్ దగ్గర చాలా ఉన్నాయి, ఇంకొకటి చేరింది.

"టూర్ లీడర్ ఇరాదా," అన్నాడు చీఫ్. "ఫ్యాన్ క్లబ్ ప్రెసిడెంట్. రెండేళ్ల నించి మన మనిషే. అవసరమైతే సాయం తీసుకో."

బస్సు మార్టూరు దాటింది. రోడ్డుకి రెండు పక్కలా గ్రానైట్ పాలిషింగ్ షెడ్లు, చెట్ల మీద తెల్లటి రాతి దుమ్ము. ముందు సీట్లో ఇరాదా. ఎర్ర సిల్కు స్కార్ఫు, నెత్తి మీద నల్ల కళ్లజోడు, చేతిలో సెల్ఫీ స్టిక్. హైదరాబాదులో చదువుకున్న తెలుగు. "గురవమ్మగారి పాట మా అమ్మమ్మ జోలపాట సాల్మన్‌గారూ. వింటూనే పెరిగాను" అంది.

ఇంతలో వెనక నించి ఒక ముసలామె ఎత్తుకుంది: "చేలగట్టున నిలుచున్నా..." పక్కనున్న కుర్రాడు అందుకున్నాడు. మరు నిమిషానికి బస్సు బస్సంతా పాడుతోంది.

సాల్మన్ తల పట్టుకున్నాడు. ఆ దేశంలో అడిగినవాడికీ అడగనివాడికీ నోటికొచ్చిన పాటని హెడ్ ఆఫీసు వాళ్లు రహస్య సంకేతంగా పెట్టారు.

కానీ ఒకటి కనిపెట్టాడు. రెండో పాదం దగ్గరికొచ్చేసరికి అందరూ "చీకటై, చీకటై, చీకటైనా రావేమి" అని మూడుసార్లు పలుకుతున్నారు. గురవమ్మ అలా పాడలేదు. పక్కన ఊతకర్రతో కూర్చున్న రుస్తం అనే పెద్దాయన్ని ఇంగ్లీషులో అడిగాడు.

"యుద్ధమప్పుడు మా రేడియో స్టేషన్ తగలబడింది," అన్నాడు రుస్తం. "మిగిలింది గురవమ్మ పాడిన ఒకే రికార్డు. దాని మీద గీత పడి ఉంది. ముల్లు అక్కడికొచ్చి రెండుసార్లు వెనక్కి జారేది. మూడు చలికాలాలు మేం సెల్లార్లలో కూర్చుని విన్నది ఆ ఒక్క పాటే. భాష తెలియదు, మొహం తెలియదు. కళ్లు మూసుకుని వినేవాళ్లం. ఇప్పటికీ మా పిల్లలు కళ్లు మూసుకునే వింటారు. ఆ గీత లేకుండా పాడితే మాకది పాటే కాదు."

"ఆవిడ మేడలో ఉంటుందనుకుంటున్నారా?"

"మేడ ఎందుకు? కానీ మీ వాళ్లు రోజూ ఆమె గుమ్మం ముందు కూర్చుంటారు కదా?"

సాల్మన్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆవిడ ఊళ్లో ఆవిణ్ణి తాలు ఏరే గురవమ్మ అంటారు. మిరపకాయల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరితే కూలి ఇస్తారు. గొంతుతో పనిలేని పని.

ఇల్లు రెండు గదుల రేకులిల్లు. వాకిట్లో పట్టా నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. పట్టాకి అవతల నులక మంచం మీద గురవమ్మ. చేటలో తాలు. కోడలు కోటేశ్వరి కాగు కింద పొయ్యి ఎగదోస్తూ లేచింది.

"ఏందన్నయ్యా, ఇంతమందిని తోలుకొచ్చావు? కుర్చీలు లేవు మా ఇంట్లో."

"కింద కూచుంటార్లేమ్మా."

వాళ్లు కూర్చోవడమే కాదు, గుమ్మానికి చేతులానించి కళ్లకద్దుకున్నారు. ముసలామె మంచం కోడుని పట్టుకుని ఏడ్చింది.

"నాకేం నచ్చలా," అంది కోటేశ్వరి. "చచ్చిపోయిందనుకున్నారా ఏంది అట్టా ఏడుస్తారు? ఇన్ని కళ్లు పడితే మా అత్త తట్టుకుంటదా? దిష్టి తియ్యాల."

"ఇప్పుడెందుకమ్మా?"

"ఇప్పుడు కాక ఆమె పోయాక తియ్యమంటావా?"

రుస్తం కర్ర పక్కన పెట్టి గురవమ్మ పాదాల దగ్గర కూర్చున్నాడు. పాడమన్నట్టు చేతులు జోడించాడు. గురవమ్మకి అర్థమయింది. పెద్ద కళాకారిణి కూర్చున్నట్టే నడుము నిలబెట్టి కూర్చుంది. నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. కొలిమి తిత్తిలోంచి వచ్చినట్టు గాలి వచ్చింది, అంతే. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ గాలే. చెయ్యి ఊపి, చేటలోకి తల వంచుకుంది.

రుస్తం చాలాసేపు ఆ చేట వంకే చూశాడు. తరవాత సాల్మన్ వైపు తిరిగి, పాటగా కాదు, మాటగా అన్నాడు. "చేలగట్టున నిలుచున్నా."

మనిషి దొరికాడు. సాల్మన్ గొంతు సవరించుకునే లోపే మిగతావాళ్లు రుస్తం మాటని పాటగా అందుకున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. పాట ఆ పాదం దగ్గరికి వచ్చింది. "చీకటై, చీకటై..."

ఒక్క గొంతు మాత్రం ఆగకుండా "చీకటైనా రావేమి" అని ముందుకెళ్లిపోయింది.

సాల్మన్ తల తిప్పాడు. ఇరాదా. అమ్మమ్మ జోలపాటలో గీత లేదు. ఎవరో గీత తీసి శుభ్రం చేసి పెట్టిన పాట ఫోన్లో విని నేర్చుకుంది. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. సెల్ఫీ స్టిక్ చివర రుస్తం చెవి కిందకి గురి పెట్టి ఉంది. బొటనవేలు బటన్ మీద.

మధ్యలో మిరపకాయల పట్టా. ఎంత ఉరికినా అందుకోలేడు. అరిస్తే బటన్ ముందే నొక్కుతుంది. అయిపోయింది అనుకున్నాడు.

అప్పుడు కనపడింది, కోటేశ్వరి అత్త తల చుట్టూ తిప్పుతున్నది గుప్పెడు కాయలు కాదు, ఏకంగా చేటెడు తాలు. "పద్నాలుగు మంది దిష్టి గుప్పెడుకి పోద్దా" అని గొణుగుతూ, చేటని పొయ్యిలో బోర్లించింది.

ఈ నేల మీద పుట్టినవాడికి తరవాత జరగబోయేది తెలుసు. సాల్మన్ కండువా ముక్కుకి చుట్టి ఊపిరి బిగబట్టాడు.

పొగ లేచింది. సిల్కు స్కార్ఫు ఆపే పొగ కాదది. ఇరాదా ఒక్కసారి దగ్గింది. ఆ కుదుపుకి నీడిల్ రుస్తం భుజం మీదుగా వెళ్లి చూరు దూలానికి గుచ్చుకుంది. ఆమె రెండో బటన్ వెతికేలోపు సాల్మన్ కాయలన్నీ తొక్కుకుంటూ వెళ్లి చెయ్యి విరిచి పట్టుకున్నాడు.

"దగ్గు తగ్గాక మాట్లాడు," అన్నాడు. "ఇక్కడ నీళ్లు తాగితే ఇంకా ఎక్కువవుద్ది."

"నా కాయలు తొక్కావు కదయ్యా," అని అరిచింది కోటేశ్వరి దగ్గుతూనే.

ఇరాదాకి బేడీలు వేసి బస్సులో కూర్చోబెట్టాక ఫోన్ మోగింది.

"మనిషి ఉన్నాడా?" చీఫ్.

"ఉన్నాడండి. మన ఇరాదానే వాళ్ల షూటర్."

ఆ సంగతి చీఫ్ దాటేశాడు. "సాల్మన్, వాళ్లు మొన్ననే సైఫర్ కీ మార్చేశారంట. ఇప్పుడే తెలిసింది. ఆయన తలలో ఉన్నది ఇంక పనికిరాదు. అయినా తీసుకురా. మాటిచ్చాం కాబట్టి."

"మరి అస్లాం?"

చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

సాల్మన్ వాకిట్లోకి తిరిగొచ్చాడు. వచ్చినవాళ్లంతా కళ్లు తుడుచుకుంటూ బస్సెక్కుతున్నారు. రుస్తం ఒక్కడే మంచం పక్కన కూర్చుని, గురవమ్మ చూపిస్తుంటే తాలుకాయలు ఏరుతున్నాడు. అతనికి కీ సంగతి చెప్పడానికి సాల్మన్‌కి నోరు రాలేదు. ఇంకొంచెం ఏరుకోనీ అనుకున్నాడు.

కోటేశ్వరి పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని బూడిద కెలుకుతోంది. మొహం ముడుచుకుని ఉంది.

"ఏంటమ్మా చూస్తున్నావు?"

"ఇంత ఘాటొచ్చిందంటే అసలు దిష్టే లేదన్నయ్యా. దిష్టి ఉంటే దగ్గే రాదు. అంత దూరం నించి ఇంతమంది వచ్చినా మా అత్తకి ఒక్క కన్నూ తగల్లా."

"తగల్లేదా?"

"ఎట్టా తగులుద్ది? అందరూ కళ్లు మూసుకునే కూచున్నారు. తెరిచింది ఆ ఎర్ర గుడ్డ పిల్ల ఒక్కతే. అది మా అత్త వంకే చూళ్లా." చేట దులిపి లేచింది. "చేటెడు తాలు దండగ."