జగ్గమ్మ పెరట్లో బల్బు

ఎనిమిదిన్నర అయ్యేసరికి వీధిలో ఇళ్లు ఒక్కొక్కటే చీకటయ్యాయి. వేడెక్కుతున్న భూమి కోసం ఒక్క గంట లైట్లు ఆపుదామని అనూరాధ టీచర్ చెప్పారు. ఆ వీధి బాధ్యత ఐదో తరగతి రేఖది. అప్పటినుంచి ఆ పిల్ల నడకే మారిపోయింది. తహసీల్దారు గారికి కూడా అంత దర్జా ఉండదు.

చివర్న జగ్గమ్మ ఇల్లు మాత్రం వెలిగిపోతోంది.

"పొద్దున్న ఆపేస్తానంది కదరా. సూడు ఎలా ఎలుగుతన్నాయో," అంది రేఖ, పక్కనున్న తన క్లాసు గిరిబాబుతో.

"ఓపాలి పిలిసి అడుగుదుమే."

రేఖకు అంత ఓపిక లేదు. అరుగెక్కి, గోడకున్న మెయిన్ స్విచ్చి కిందికి లాగేసింది. ఇల్లంతా చీకటి. రేఖకు భలే సంబరంగా ఉంది.

అంతలో పెరట్లోంచి ఆవు మూలిగింది.

"కరెంటెవులు తీసీసినారే? ఏటీ కనపడ్డం లేదు," జగ్గమ్మ మొగుడు దాలయ్య గొంతు.

"సెయ్యి తియ్యకయ్యా. కడుపులో దూడ కాలు మడతపడిపోనాది. వదిలీసినావంటే తల్లీ పిల్లా దక్కవు," జగ్గమ్మ ఏడుస్తోంది.

 రేఖ మెయిన్ పైకి తోసింది. అది జారి మళ్లీ కిందికి పడింది. ఈసారి రెండు చేతులూ వేసి తోసింది. లైటు వచ్చింది.

ఇద్దరూ పెరట్లోకి పరుగెత్తారు. బల్బు కింద ఆవు పడుకుని రొప్పుతోంది. దాలయ్య ముఖం నిండా చెమట. లోపలున్న దూడ కాలు సరిచేసి మెల్లగా లాగాడు. కాళ్లు కనిపించాయి, తల కనిపించింది, దూడ గడ్డి మీదికి జారింది. కదల్లేదు. రేఖ ఏడ్చేసింది.

జగ్గమ్మ దాని ముక్కు తుడిచి ఒళ్లంతా రుద్దింది. దూడ తుమ్మింది.

"మెయిన్ నేనే దింపీసినాను మావా," అంది రేఖ తల దించుకుని.

దాలయ్య ఆమె వంక చూశాడు. చాలా కోపంగానే చూశాడు. తర్వాత చేతులు కడుక్కుంటూ, "బేగి ఎత్తీసినావు, నయం," అన్నాడు.

రేఖ ముక్కు తుడుచుకుని జగ్గమ్మ దగ్గరికి వెళ్లింది.

"అత్తా, ముందు గదిలో లైటుతో ఇప్పుడు పనుందేటి?"

"నేదే."

"వంటింట్లో?"

"అదీ ఆపీ."

రేఖ లోపలికి వెళ్లి రెండు లైట్లూ ఆపింది. పెరటి బల్బు స్విచ్చి జోలికి మాత్రం పోలేదు.