రెజిన్ దీపం, తెల్లటి పొడి

ఫ్యాను గిర్రున తిరుగుతోంది. సుమన గోడకు ఆనుకుని కూర్చుని, వాటర్ పేపర్ అనే గరుకు కాగితంతో గరగరా గీకుతోంది.

ఆమె చేతిలో ఉన్నది ఒక దీపం పిడి. ఒక అంతరిక్ష సినిమాలో కెప్టెన్ వేగ అనే అమ్మాయి చీకటి గ్రహం మీద దీపం పట్టుకుని నడుస్తుంది. అచ్చం అలాంటి దీపాన్ని ఇంట్లో తయారుచేసుకునే కిట్ అది. ముక్కలన్నీ రెజిన్‌తో పోతపోసినవి. రెజిన్ అంటే ప్లాస్టిక్‌కు పెద్దన్న లాంటిది. గట్టిగా, బరువుగా ఉంటుంది. ముక్కల అంచులు గీకి నున్నగా చేయాలి. తర్వాత అతికించాలి. ఆ తర్వాత రంగు వేయాలి.

కిట్ తెచ్చింది అమ్మ తమ్ముడు కమలాకర్ మామ. ఆయన అదే ఊళ్లో ఉన్ అనే పేటలో ఉంటాడు, పార్సిళ్ల గోదాంలో పని. డబ్బా చినిగిన సామాను అక్కడి పనివాళ్లకు తక్కువకు ఇచ్చేస్తారు. ఇచ్చేటప్పుడు మామ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"సుమనా, జర ఇను. గీకితే పొడి లేస్తది. ఆ పొడి మంచిది కాదు. బయట కూసోవాలె. కాగితాన్ని నీళ్లల్ల ముంచి గీకాలె. మూతికి మాస్కు ఉండాలె. డబ్బా మీద గూడ రాసుంది, చూడు. ఆదివారం నేనొస్త, ఇద్దరం కలిసి చేద్దాం. అప్పటిదాంక ముట్టవు గదా?"

"ముట్ట మామా."

"ఒట్టు?"

"ఒట్టు!"

కానీ ఈ శనివారం ఆన్‌లైన్ క్లాసులో అందరూ చేతులతో చేసిన వస్తువు ఒకటి చూపించాలని ప్రమీల టీచర్ చెప్పారు. బడులు మూతపడి రెండో ఏడు నడుస్తోంది. సుమన ముఖం క్లాసులో ఎవరికైనా గుర్తుందో లేదో! వేగ దీపం చూపిస్తే మాత్రం అందరికీ గుర్తుండిపోతుంది. ఆదివారం దాకా ఎలా ఆగడం?

నీళ్లలో ముంచి గీకితే మెల్లగా అరుగుతుంది. పైగా డ్రమ్ములో నీళ్లు ముడితే అమ్మ ఊరుకోదు. బయట కూర్చుంటే గల్లీలో పిల్లలంతా మూగుతారు. అందుకే లోపలే, పొడిగానే గీకుతోంది.

దుమ్ము సంగతా? దుమ్ము వాళ్లకేం కొత్త!

బాపు నర్సింగం సాంచాల మీద పనిచేస్తాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. రోజూ ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమ్మల మీద, చెవుల్లో దారాల తెల్లటి నూగు అంటుకుని ఉంటుంది. అమ్మ కొంగుతో దులుపుతుంది. పరాయి రాష్ట్రంలోని ఈ బమ్రోలి పేటలో వాళ్ల వరసలో ఉన్న గదులన్నీ సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన వాళ్లవే. అన్ని ఇళ్లలోనూ ఇదే తంతు. "నూగు తినకుంట బువ్వ తింటమా?" అని బాపమ్మ పోశమ్మ నవ్వేది. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకు గుప్పెడు పొడి ఒక లెక్కా?

ఆ బాపమ్మే ఇప్పుడు పక్క మంచం మీద నిద్రపోతోంది. బాపు పనిలో ఉన్నాడు. అమ్మ చీరలు మడతపెట్టే పనికి వెళ్లింది. ఫ్యాను గాలికి పొడి లేచి గదంతా తిరిగింది. బాపమ్మ దుప్పటి మీద, దిండు మీద, తెరిచి ఉన్న నోటి దగ్గర మెల్లగా వాలింది.

సుమన చూసింది. లేచి దుప్పటిని చేత్తో దులిపింది. పొడి ఇంకా పైకి లేచింది. సరేలే అనుకుని మళ్లీ గీకడానికి కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం కూడా గీకింది. పిడి అద్దంలా నున్నగా వచ్చింది.

ఆ సాయంత్రం బాపమ్మ దగ్గడం మొదలుపెట్టింది.

ముందు చిన్నగా. తర్వాత ఆగకుండా. కళ్లు ఎర్రబడ్డాయి. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే దగ్గుతో బయటికి వచ్చేసింది. అమ్మ భూదేవి నుదురు మీద చెయ్యి వేసి చూసింది. ఒళ్లు చల్లగానే ఉంది. కానీ ఆ రోజుల్లో దగ్గు అంటే చాలు, గుండెలు జారిపోయేవి.

గోడ అవతలి నుంచి జమున ఆంటీ గొంతు వినిపించింది. "భూదేవక్కా, ఎవరే దగ్గేది? అత్తమ్మేనా?"

అమ్మ బాపమ్మ వీపు రాసింది. కాసేపటికి జమున ఆంటీ వాళ్ల తలుపు మూసుకున్న చప్పుడైంది. ఆ తలుపు పగలు ఎప్పుడూ మూసేవాళ్లు కాదు.

పొద్దున బాపు పనికి వెళ్లి, వెళ్లినట్టే తిరిగొచ్చాడు. టిఫిన్ డబ్బా నిండుగానే ఉంది.

"ఏమైంది?" అంది అమ్మ.

"కార్ఖానా మాస్టర్ పరమేశ్వర్ లోపటికి రానియ్యలే. ముసలామెకు టెస్ట్ చేపిచ్చినంక రమ్మన్నడు. ఆయన తప్పు గూడ లేదు. నేనొస్తే మేం రామని రాజలింగం, మిగిలిన సాంచాలోళ్లు అంటున్నరట."

అమ్మ గదికి అడ్డంగా పాత చీర కట్టింది. చీర అవతల బాపమ్మ, ఇవతల ముగ్గురు. బాపమ్మకు వేరే పళ్లెం, వేరే గ్లాసు.

సుమన చీర దగ్గరికి వెళ్లబోతే లోపలి నుంచి కేక వినిపించింది. "రాకు బిడ్డా! దూరముండు!"

బాపమ్మ సుమనను దూరముండు అనడం అదే మొదటిసారి.

ఆ దగ్గు ఎందుకొచ్చిందో సుమనకు తెలుసు. దిండు మీద వాలిన పొడి కళ్లముందే కనిపిస్తోంది. తనకూ గొంతు గరగరలాడుతోంది. రెండుసార్లు దగ్గు వస్తే నోరు మూసుకుని, స్నానాల గదిలోకి పోయి దగ్గి వచ్చింది.

అప్పుడే కమలాకర్ మామ ఫోన్ చేశాడు. అమ్మ ఏడుస్తూ అంతా చెప్పి ఫోన్ సుమన చేతికిచ్చింది.

"సుమనా, ఆ కిట్టు గిట్ల ముట్టినవా? ఇంట్ల పొడి ఏమన్న లేసిందా?"

అమ్మ ఆమె వైపే చూస్తోంది. బాపు నిండు టిఫిన్ డబ్బా పక్కన తల దించుకుని కూర్చున్నాడు.

"లేదు మామా," అంది సుమన.

ఎంత చిన్న మాట! అది నోరు దాటాక గది ఇంకా ఇరుకైపోయింది.

చీకటి పడేలోపు బాపు చీర దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "అవ్వా, రేపు దవాఖానకు పోయి టెస్ట్ చేపిచ్చుకుందాం."

"నేను రాను."

"గట్లంటే ఎట్లనే?"

"మన వరసల సోమలింగాన్ని గట్లనే తీస్కపోయిండ్రు గదరా నర్సింగం. నడుసుకుంట బండెక్కిండు. మల్ల మొఖం సూసినమా? పెండ్లాం సూసిందా, పిల్లలు సూసిండ్రా?" బాపమ్మ దగ్గింది. చాలాసేపు దగ్గింది. "నేను గీ మూలకే సస్త. నన్ను ఆ బండి ఎక్కియ్యకు బిడ్డా. నీ కాల్మొక్త."

బాపు గోడకు చెయ్యి ఆనించాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. బాపు ఏడవడం సుమన ఎన్నడూ చూడలేదు.

ఆమె లేచి చీర కింద నుంచి చెయ్యి పెట్టి, మంచం కింద దాచిన సంచీ బయటికి లాగింది. నున్నటి పిడి, అరిగిన వాటర్ పేపరు బాపు ముందు పెట్టింది.

"బాపూ, బాపమ్మకు దగ్గొచ్చింది నాతోనే కావచ్చు."

"ఏందిరా?"

"నేను గీకిన. ఇంట్లనే, ఫ్యాను కింద. మామ వద్దన్నడు. నీళ్లతోటి గీకుమన్నడు, బయట గీకుమన్నడు. నేను ఇనలే. పొడి అంత బాపమ్మ మీద పడ్డది. నేను చూసిన బాపూ. చూసి గూడ గీకిన. నాకు గూడ దగ్గొస్తుంది. దాసిన."

అమ్మ చెయ్యెత్తింది. కొట్టబోయిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "మామ అడిగితే లేదన్నవు గదనే!"

"అబద్ధం చెప్పిన."

బాపు పిడిని తిప్పి చూశాడు. తర్వాత చీర పక్కకు జరిపి బాపమ్మ దిండు అంచు మీద వేలు రాశాడు. వేలికి తెల్లటి పొడి అంటింది.

"సరే," అన్నాడు చివరికి. "గిదే అని మనం అనుకుంటే కాదు. టెస్ట్ అయితే చేపియ్యాలె. కని డాక్టరుకు గీ ముచ్చట చెప్పాలె. నువ్వే చెప్పాలె."

చీర అవతలి నుంచి బాపమ్మ గొంతు నీరసంగా వచ్చింది. "పిల్ల గూడ వస్తే నేనొస్త. దాని మాట డాక్టరు ఇంటడేమో."

మర్నాడు దవాఖానలో డాక్టరమ్మ హిందీలో అడిగింది. ఎప్పుడు గీకావు, ఎంతసేపు, కిటికీ తెరిచి ఉందా, బాపమ్మ ఎంత దూరంలో ఉంది? సుమన ఒక్కటీ దాచకుండా చెప్పింది. చెప్తుంటే చెవులు వేడెక్కాయి. చుట్టూ ఉన్నవాళ్లంతా వింటున్నారు.

"దాచుకుని దగ్గడం కాదు, ఈ సంగతి మొదటి రోజే చెప్పాల్సింది," అంది డాక్టరమ్మ. "ఇంత సన్నటి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఎవరికైనా దగ్గొస్తుంది. ముసలివాళ్లకు ఇంకా ఎక్కువ. అయినా టెస్టు మాత్రం ఇద్దరికీ చేస్తాం. గది మొత్తం తడిగుడ్డతో తుడవండి. చీపురు వాడకండి." తర్వాత సుమన వైపు చూసి, "అచ్ఛా కియా, బేటా. ఇప్పుడైనా చెప్పి మంచి పని చేశావు," అంది.

అమ్మా బాపూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని గదంతా తుడిచారు. శనివారం క్లాసు నడుస్తుంటే సుమన బయట దుప్పట్లు పిండుతోంది. టీచర్ దగ్గరి నుంచి ఫోన్ వచ్చింది. ఆమె ఎత్తలేదు.

రిపోర్టులు వచ్చాయి. ఇద్దరికీ కరోనా లేదు. మందులతో బాపమ్మ దగ్గు తగ్గుముఖం పట్టింది. అమ్మ అడ్డం కట్టిన చీర విప్పేసింది. మామకు సుమనే ఫోన్ చేసి జరిగింది చెప్పింది. మామ "ముందు ముసలామె మంచిగ కానీ," అని మాత్రం అన్నాడు.

కష్టం తీరిపోయిందనే అనుకున్నారు అందరూ. కానీ బాపు రిపోర్టు చూపించడానికి కార్ఖానాకు పోయి, మళ్లీ తిరిగొచ్చాడు.

"నమ్ముతలేరు," అన్నాడు అమ్మతో. "రిపోర్టులు తప్పు గూడ వస్తయట. మరి దగ్గెందుకు వచ్చిందని అడిగిండ్రు. ఇంట్ల దుమ్ము లేసిందన్న. రాజలింగం నవ్విండు. పుట్టినకాడి నుంచి నూగు తినేటోళ్లం, మన ఇండ్లల్ల దుమ్ముకు దగ్గొస్తదా, కతలు చెప్పకు అన్నడు."

"పిల్ల చేసిందని చెప్పలేదా?" అంది అమ్మ.

"ఎట్ల చెప్పుదు? రేపట్నుంచి అందరు దాన్ని ఏలు పెట్టి చూపిస్తరు. వద్దు. నాలుగొద్దులు ఆగితే వాళ్లే పిలుస్తరు."

సుమన తలుపు దగ్గర నిలబడి విన్నది. బాపు తనను కాపాడుతున్నాడు. అందుకే ఆయన మాట ఎవరూ నమ్మడం లేదు.

ఆమె చెప్పులేసుకుంది. మాస్కు పెట్టుకుంది.

"బాపూ, నన్ను కార్ఖానాకు తోల్కపో."

"ఎందుకు?"

"నేను చెప్త."

బాపు ఆమె ముఖంలోకి చూశాడు. తనూ చెప్పులేసుకున్నాడు.

కార్ఖానా తలుపు తీయగానే చప్పుడు మీద పడింది. టకటక, టకటక! పక్కనున్న మనిషి మాట్లాడినా వినపడదు. అందుకే సాంచాల మీద పనిచేసేవాళ్లు చెవులతో కాదు, కళ్లతో వింటారు. ఎదుటివాడి పెదాలు కదిలితే చాలు, మాట తెలిసిపోతుంది. కరోనా వచ్చి అందరి మూతులకూ మాస్కులు కట్టాక ఆ సౌకర్యం కూడా పోయింది. ఇప్పుడు ఏదైనా చెప్పాలంటే గొంతు చించుకోవాల్సిందే.

మాస్టర్ పరమేశ్వర్ వాళ్లను చూసి తలుపు దగ్గరికి వచ్చాడు. దూరంగానే ఆగి, ఏంటన్నట్టు చెయ్యి ఊపాడు.

"తప్పు నాది!" అంది సుమన.

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. వినపడలేదు.

ఇంట్లో బాపు ముందు గుసగుసగా చెప్పడానికే ఎంతో కష్టపడిన మాట అది. సుమన పిడికిళ్లు బిగించింది. గొంతు ఉన్నంతా ఎత్తి అరిచింది.

"తప్పు నాది అంకుల్! మా బాపు కతలు చెప్తలేడు! నేను రెజిన్ బొమ్మ ఇంట్ల గీకిన! వద్దన్నా ఇనలే! పొడి లేసి మా బాపమ్మకు దగ్గొచ్చింది! నేను దాసిపెట్టిన! డాక్టరుకు గూడ చెప్పిన, కావాలంటే అడుగుండ్రి!"

పరమేశ్వర్ పక్కనున్న సాంచాను ఆపాడు. ఆ సాంచా నడిపే మనిషి కూడా వింటున్నాడు. "గింత సంగతి ఎందుకు దాసినవే?" అన్నాడు పరమేశ్వర్.

"భయమైంది."

ఆయన బాపు వైపు చూశాడు. బాపు కళ్లు దించుకున్నాడు. అవతలి వరసలోంచి రాజలింగం చేతులు ఊపుతున్నాడు, పిల్ల ఏమంటోందని.

"పో బిడ్డా, ఇంటికి పో," అన్నాడు పరమేశ్వర్. ఇప్పుడాయన గొంతు మెత్తబడింది. "మిగిలినోళ్లకు నేను చెప్తలే. నర్సింగం, నువ్వు నీ సాంచా కాడికి పో."

సుమన తల అడ్డంగా ఊపింది. గొంతు అప్పటికే బొంగురుపోయింది. అయినా సాంచాల మధ్య సందులోకి నడిచింది. రాజలింగం ముందు నిలబడి, మళ్లీ మొదటినుంచి అరిచి చెప్పింది. తర్వాత ఆయన పక్క సాంచా మనిషికి చెప్పడానికి వెళ్లింది.

ఆమె వెనకాల, బాపు తన సాంచా ముందు నిలబడి చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నాడు.